తనిఖీకి వచ్చినప్పుడు మొదట వెనక బెంచీలో కూర్చోండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా విద్యాశాఖాధికారి గారికి, ఉప విద్యాశాఖాధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, పల్లిపాడు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)లో రేపటి టీచర్లను తయారుచేస్తున్న పెద్దలకు,

నమస్కారం. నేను ఈ జిల్లా బళ్లలో 37 ఏళ్లు పాఠాలు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. మొదట మెట్ట ప్రాంతంలో చిన్న తరగతులకు చెప్పే ఎస్‌జీటీగా, ప్రమోషన్ వచ్చాక సముద్రం వైపు హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ టీచరుగా పనిచేశాను. సర్వీసులో ఉండగా ఈ మాటలు చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో చాలాసార్లు మొదలుపెట్టాను. భోజనాల టైమయిందనో, యాప్ గురించి చెప్పాల్సింది ఉందనో మధ్యలోనే ఆగిపోయేవి. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

నేను కోరేది ఒక్కటే. మీరు తనిఖీకి వచ్చినప్పుడు తరగతిలో మొదట దేన్ని చూస్తారో అది మార్చుకోండి.

ఇప్పుడు జరిగేది మీకూ తెలుసు. గదిలోకి వస్తూనే పీరియడ్ ప్లాన్ అడుగుతారు. తర్వాత పిల్లల నోట్సులు. వాటిలో ఎర్ర ఇంకు ఎన్నో పేజీదాకా వచ్చిందో చూస్తారు. ఇంకా టైముంటే ముందు బెంచీలో కూర్చున్న ఇద్దరు ముగ్గురిని రెండు బిట్లు అడుగుతారు. వెనక బెంచీదాకా వచ్చిన అధికారులను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇంత చిన్న సంగతికి బహిరంగ లేఖ ఎందుకని అడగొచ్చు. ప్రభుత్వం ఏ విద్యా సిద్ధాంతాన్ని నమ్ముతోందో ట్రైనింగ్ మాడ్యూల్లో రాసి ఉంటుంది. టీచరు మాత్రం దాన్ని తనిఖీకి వచ్చిన అధికారి చూపులో చదువుకుంటారు. నోట్సు చూస్తారని తెలిస్తే నోట్సు కోసమే చెప్తారు. బోర్డు మీద జవాబు రాస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు, నలభై నోట్సుల్లో అచ్చుగుద్దినట్టు ఒకటే జవాబు ఉంటుంది. మాడ్యూల్లో ఎన్ని కొత్త మాటలు చేరినా ఇది మాత్రం అలాగే సాగుతోంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 29వ సెక్షను నేను చాలాసార్లు చదువుకున్నాను. పనులు చేస్తూ, వెతికి కనుక్కుంటూ పిల్లలు నేర్చుకోవాలని, భయమూ ఆందోళనా లేకుండా తమ అభిప్రాయాలు చెప్పుకోగలగాలని అందులో ఉంది. అది సలహా కాదు, చట్టం. అది వచ్చాక 15 ఏళ్లు సర్వీసులో ఉన్నాను. "టీచర్, మీ క్లాసులో పిల్లలు భయపడకుండా మాట్లాడతారా?" అని నన్ను ఒక్క అధికారీ అడగలేదు. సిలబస్ ఎందాకా వచ్చిందని మాత్రం ప్రతిసారీ అడిగారు.

బీఎడ్‌లో మేమంతా ఆదర్శవాదం, ప్రకృతివాదం, వ్యవహారసత్తావాదం చదివాం. జాన్ డ్యూయీ గురించి పది మార్కుల ప్రశ్న వస్తుందని గైడులో ఉన్న నాలుగు పాయింట్లు బట్టీ పట్టాను. పిల్లలు పని చేస్తూ, ఆలోచిస్తూ నేర్చుకోవాలన్న మనిషి గురించి అలా చదివినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒక టీచరు పిల్లలను ఎలా చూస్తారన్నదే ఈ వాదాలన్నిటికీ మూలం అని మాకు అప్పుడు ఎవరూ విప్పి చెప్పలేదు. పిల్లవాడు ఖాళీ కుండ అనుకుంటే పోస్తూ పోతాం. వాడికి అప్పటికే ఏదో తెలుసు అనుకుంటే ముందు అడుగుతాం. గదిలో తర్వాత జరిగేదంతా, ఎవరు మాట్లాడతారు, ఎవరు నిలబడతారు, ఎవరి తప్పుకి నవ్వుతారు, అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

ఇది నాకు బీఎడ్‌లో అర్థం కాలేదు. 1991లో, రాత్రి బడిలో అర్థమైంది.

ఆ ఏడాది జనవరిలో మన జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షర దీపం కార్యక్రమం మొదలైంది. నేనప్పుడు మెట్టలో ఒక చిన్న ఊళ్లో ఉన్నాను. పగలు పిల్లలకి, రాత్రి ఎనిమిదింటికి వాళ్ల అమ్మలకి చదువు. వయోజన విద్య అంతకుముందూ ఉండేది. పలక మీద అ, ఆలు దిద్దించేవాళ్లు. పగలంతా కలుపు తీసి వచ్చినవాళ్లకి అవి దిద్దుతుంటే నిద్ర ముంచుకొచ్చేది, నాలుగు రోజులకి గది ఖాళీ అయ్యేది. ఈసారి వాచకంలో వాళ్ల బతుకే ఉంది. కూలి ఉంది, అప్పు ఉంది, సారా ఉంది. చదివాక దాని గురించి మాట్లాడించమని మాకు చెప్పారు.

సారా పాఠం చెప్పిన రాత్రి నేను ఒక్క ప్రశ్న అడిగాను. "మీ ఇంట్లో వారానికి వచ్చే కూలిలో దానికెంత పోతా ఉంది?" కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకామె పలక తీసుకుని లెక్క వేయడం మొదలుపెట్టింది. ఆమెకి కూడిక వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. తేలిన అంకెను నాకు చూపించలేదు, పక్కనున్నామెకి చూపించింది. ఆ పలక చేతులు మారుతూ గదంతా తిరిగింది. క్లాసు పదకొండింటిదాకా సాగింది, ఎవరికీ నిద్ర రాలేదు.

మన జిల్లాలోని దూబగుంట ఊరి సంగతి నేను మీకు చెప్పనక్కర్లేదు. అక్కడి ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానీయకుండా ఆపిన వైనం "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై జిల్లా అంతా చేరింది. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఊరూరా ఉద్యమం లేచింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. తర్వాత ప్రభుత్వాలు దాన్ని సడలించాయి, అది వేరే కథ. నాకు ముఖ్యమైంది ఇది. అంతకుముందు నేర్పినవీ అవే 56 అక్షరాలు. ఆ అక్షరాలతో వాళ్ల బతుకు గురించి వాళ్లనే అడగడం ఒక్కటి కొత్తది.

బ్రెజిల్‌లో పౌలో ఫ్రైరే అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే చోట సుమారు 300 మంది కూలీలకు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పించారని నేను చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. వాళ్ల నోట్లో రోజూ నలిగే మాటలతోనే పాఠం మొదలుపెట్టేవాళ్లట. మరుసటి ఏడాది సైనిక ప్రభుత్వం వచ్చి ఆయన్ని జైల్లో పెట్టింది. మామూలు చదువును ఆయన బ్యాంకులో డబ్బు వేయడంతో పోల్చారు. టీచరు వేస్తారు, పిల్లలు దాచుకుంటారు, పరీక్ష రోజున తిరిగి తీస్తారు. అది చదివినప్పుడు నాకు మెట్టలో ఆ పలక గుర్తొచ్చింది. ఆ లెక్క ఎవరూ ఆమెలో వేసింది కాదు, ఆమె చేతి నుంచి వచ్చింది.

ఇక నేను మర్చిపోలేని తరగతి గురించి చెప్తాను. సముద్రం వైపు ఒక హైస్కూలు. ఎనిమిదో తరగతి, దహనం పాఠం. దహనానికి ఏమేం కావాలని అడిగితే ముందు బెంచీలు కోరస్‌గా చెప్పాయి: ఇంధనం, ఆక్సిజన్, జ్వలన ఉష్ణోగ్రత. పుస్తకం ప్రకారం పాఠం అయిపోయినట్టే. ఎందుకో ఆ రోజు ఇంకో ప్రశ్న వేశాను. "మంట రాకూడదు, నిప్పు ఆరకూడదు, పొగ మాత్రం ఆగకుండా రావాలి. ఏం చేయాలి?"

ఎవరూ మాట్లాడలేదు. చెరువు కట్ట దగ్గర యానాది గిరిజనుల కాలనీ నుంచి వచ్చే కుర్రాడు ఒకడు వెనక బెంచీలో ఉండేవాడు. హాజరు తప్ప వాడి గొంతు నేను వినలేదు. వాడు సగం లేచి, "కుండతో చేస్తారు టీచర్" అన్నాడు. ఎవరో నవ్వారు. నేను వాడిని బోర్డు దగ్గరికి పిలిచాను.

వాడు పొలం గట్ల మీద ఎలుకలు పట్టడానికి వాళ్లు వాడే కుండ బొమ్మ గీశాడు. అడుగున చిన్న చిల్లి. లోపల ఎండుగడ్డి, దాని మీద కొంచెం పచ్చిగడ్డి, ఒక నిప్పు కణిక. కుండ మూతిని ఎలుక బొరియకి ఆనించి, చుట్టూ మట్టి మెత్తి, అడుగు చిల్లిలోంచి నోటితో ఊదాలి. గట్టిగా ఊదితే గడ్డి భగ్గుమంటుంది, నెమ్మదిగా ఊదితే ఆరిపోతుంది. మధ్యలో ఉంచాలి. అంతకంటే ముందు గట్టు చుట్టూ తిరిగి బొరియకి ఇంకెన్ని దారులున్నాయో చూసి వాటిని మూసేయాలి, లేకపోతే పొగ అటు పోతుంది. "ఎట్ట తెలుస్తాది?" అని ఇంకో పిల్లవాడు అడిగాడు. తాజాగా తోడిన మట్టిని బట్టి, గడ్డి పడుకున్న తీరును బట్టి తెలుస్తుందన్నాడు. ఎలుకలు లోపల దాచుకున్న వరి కంకులు ఒక్కో బొరియలో ఎన్ని దొరుకుతాయో కూడా చెప్పాడు.

గాలి తక్కువైతే దహనం అసంపూర్ణమవుతుందన్న మాట నేను ఆ తర్వాతే చెప్పాను. అది చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, నలభై మందికీ అర్థమైంది. ఆ ముందు నవ్వినవాళ్లే మర్నాడు కుండ తెమ్మని వాడి వెంటపడ్డారు. వాడు నిజంగానే తెచ్చాడు. బడి వెనక చింతచెట్టు కింద మేమంతా వరసగా ఊది చూశాం. నేను ఊదినప్పుడు రెండుసార్లు ఆరిపోయింది, ఒకసారి మండింది. నాకు వాడు నేర్పాడు.

ఆ వారంలోనే తనిఖీ వచ్చింది. వచ్చినాయన చెడ్డవారు కాదు. చూడాల్సిన బళ్లు ఎక్కువ, ఉన్న టైము తక్కువ. వరసగా నోట్సులు తిరగేస్తూ ఆ కుర్రాడి నోట్సు దగ్గర ఆగారు. వాడికి రాయడం సరిగా రాదు, ఆ పాఠం కింద రెండే గీతలున్నాయి. దాన్ని పైకెత్తి క్లాసంతటికీ చూపించి, "ఇదేనా నోట్సు?" అన్నారు. నేను కుండ సంగతి చెప్పబోయాను. "అవన్నీ తర్వాత టీచర్, ముందు కరెక్షన్ పూర్తి చెయ్యండి" అన్నారు. రిజిస్టరులో కూడా అదే రాశారు.

వాడు ఆ మరుసటి వారం రెండు రోజులే వచ్చాడు. తొమ్మిదిలోకి వచ్చాక పూర్తిగా మానేసి రొయ్యల గుంటల దగ్గర కాపలాకి పోయాడు. ఆ ఒక్క మాట వల్లే మానేశాడని నేననను. ఇంట్లో ఇబ్బంది ఉంది, కాలనీ నుంచి బడి దూరం, వాడి అన్న కూడా అదే పనిలో ఉన్నాడు. కానీ బోర్డు దగ్గర నిలబడ్డ రోజు వాడి ముఖమూ, నోట్సు పైకెత్తిన రోజు వాడి ముఖమూ రెండూ నేను చూశాను. వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను, తీసుకురాలేకపోయాను. ఆ రోజు అధికారి ముందు ఇంకొంచెం గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని ఇన్నేళ్లయినా అనుకుంటూనే ఉన్నాను.

ఇంకొక సంగతి క్లుప్తంగా చెప్తాను. తెలుగులో లేఖా రచన ఉంటుంది. గ్రంథాలయం గురించి మిత్రునికి లేఖ, విహారయాత్ర గురించి లేఖ, అన్నీ గైడులోవే. మా తెలుగు టీచరు ఒకసారి తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో నిజం లేఖ రాయించారు. బాత్రూము తలుపుకి గడియ లేదని, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాల్సి వస్తోందని, అందుకే కొంతమంది ఇంటికెళ్లేదాకా మంచినీళ్లు తాగడం లేదని సర్పంచి గారికి రాశారు. అక్షర దోషాలు దిద్దారు గానీ మాటలు మార్చలేదు. పది రోజుల్లో గడియ వచ్చింది. ఆ అమ్మాయిలు తర్వాత ఏ ఆఫీసుకైనా అర్జీ రాయాలంటే ఒకరిని అడగలేదు. విద్యార్థి సాధికారత అని మనం సర్క్యులర్లలో రాసుకునేది నాకు ఆ గడియలో కనిపించింది.

ఇలా రాస్తే నన్ను అపార్థం చేసుకునేవాళ్లుంటారు, అందుకే చెప్తున్నాను. ఎక్కాలు బట్టీ పట్టించాలి. నేను పట్టించాను, పద్యాలూ కంఠస్థం చేయించాను. చేతిరాత దిద్దించాలి, నోట్సూ దిద్దాలి. ఎక్కం రాని పిల్లవాడు లెక్క గురించి ఆలోచించే తీరిక లేక వేళ్లు మడుస్తూ ఉండిపోతాడు. నేను ఒప్పుకోనిది, చదువు అక్కడే మొదలై అక్కడే ముగియడాన్ని. అలాగే యాక్టివిటీ పేరుతో జరిగేదంతా మంచిదనీ అనను. పిల్లలను గుండ్రంగా కూర్చోబెడతారు, చప్పట్లు కొట్టిస్తారు, గ్రూపులో లీడరు ఒక్కడే మాట్లాడతాడు, చివరికి టీచరు మనసులో ఉన్న జవాబే రావాలి. చార్టులు మీరు వచ్చే రోజు గోడకెక్కి మీరు వెళ్లాక బీరువాలోకి పోతాయి. పద్ధతి మారినట్టు కనిపిస్తుంది, పిల్లవాడి మీద నమ్మకం మాత్రం మారలేదు.

టీచర్ల మీద భారం నాకు తెలియంది కాదు. హాజరు యాప్, భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, టెన్త్ ఫలితాల ఒత్తిడి, పక్కనే కార్పొరేటు బడి బస్సు. ఒకే టీచరు రెండు మూడు తరగతులు కలిపి చెప్పే బళ్లు మెట్టలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట ప్రశ్నకి టైమెక్కడిది అంటారు. అందుకే కొత్త పని అప్పజెప్పమని నేను కోరడం లేదు. ఉన్న పనుల్లో మీరు దేన్ని ముందు చూస్తారో మార్చమంటున్నాను.

మీరు వచ్చాక మొదటి పావుగంట వెనక బెంచీలో, ఆ పిల్లల పక్కన కూర్చోండి. రిజిస్టరు తెరవకండి. ఈ వారం టీచరుని ఏం అడిగావని పక్కనున్న పిల్లనో పిల్లవాడినో అడగండి. ఏమీ అడగలేదంటే టీచరుని కోప్పడకండి, ఎందుకు అడగలేదో తెలుసుకోండి. ఆ తర్వాత నోట్సులు చూడండి, వాటిలో పిల్లల సొంత వాక్యం ఒక్కటైనా ఉందా అని చూడండి. తప్పులతో ఉన్నా సరే. నలభై నోట్సుల్లో నలభై రకాల తప్పులుంటే ఆ క్లాసులో ఆలోచన జరుగుతోందని లెక్క. ఏ పిల్లవాడి నోట్సునీ అందరి ముందూ పైకెత్తకండి. ఈ ఒక్క మాట మీకు చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను.

స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టమే చెప్తోంది. పగలు పదకొండింటికి మీటింగు పెడితే కూలికి పోయే తల్లి ఎలా వస్తుంది? సాయంత్రం పెట్టించండి. వేలిముద్రకో సంతకానికో పిలవడం కాకుండా, బడి గురించి ఆమెని ఒక మాట అడగండి. రాత్రి ఎనిమిదింటికి పలక పట్టుకుని వచ్చిన ఆడవాళ్లున్న జిల్లా ఇది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. టీచర్ల నియామకానికి 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి వచ్చింది. అలా ఎంపికైనవాళ్లు మన జిల్లా బళ్లలోనూ చేరారు. ఈ పిల్లలు, నాకు పిల్లలే, పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పిన పియాజే, వైగోట్‌స్కీ లాంటివాళ్లందరినీ పుస్తకాల్లో చదివి వచ్చారు. వాళ్ల మొదటి తనిఖీ ఎలా జరుగుతుందో, ఆ తర్వాత ముప్పై ఏళ్లు వాళ్లు అలాగే చెప్తారు. నేను అలాగే మారబోయాను. మెట్టలో ఆ పలక చూసి ఉండకపోతే మారిపోయేదాన్నే.

పల్లిపాడు డైట్ పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు పెన్న ఒడ్డున పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం తెరిచింది మీ ఊళ్లోనే. రెండేళ్లకి, 1923లో, పొణకా కనకమ్మ గారు నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. పనినీ చదువునీ విడదీయకూడదని గాంధీగారు 1937లో వార్ధాలో గట్టిగా చెప్పారు. ఇవన్నీ మీ విద్యార్థులు పరీక్షలో రాస్తారు. వాళ్లను ఒక వారం పాటు దగ్గర్లోని కాలనీలకు పంపండి, పాఠం చెప్పడానికి కాదు, అక్కడి పిల్లలకి ఏమేం తెలుసో రాసుకు రావడానికి. చేప ఏ నీటిలో ఏ వేళకి దొరుకుతుందో, గువ్వ ఎక్కడ గుడ్డు పెడుతుందో, వరి ఏ రోజున కోతకొస్తుందో. ఆ కాగితాలే వాళ్ల మొదటి పీరియడ్ ప్లాన్ కావాలి.

ఆ కుర్రాడు తెచ్చిన కుండ నా దగ్గరే ఉంది. బడి మానేశాక ఇవ్వడానికి వెళ్తే వాళ్లమ్మ, "మీ కాడే పెట్టుకోండి టీచరమ్మా, మాకింకోటి ఉంది" అంది. అడుగున నల్లగా మసిపట్టి ఉంటుంది, మూతి ఒకచోట కొంచెం విరిగింది. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు డైట్‌కి తెస్తాను. గడ్డి, నిప్పు కూడా నేనే తెస్తాను. మీ విద్యార్థులతో ఊదించండి.

ఇట్లు,
37 ఏళ్లు ఈ జిల్లాలో పనిచేసిన ఒక టీచరు,
నెల్లూరు